పెట్టెలో నల్లి, తోటలో మందు: చిత్తూరు సీమలో తేనెటీగలను నిలబెట్టుకునే లెక్క

పెరట్లో ఐదారు తేనెపెట్టెలు పెట్టుకున్నవారికి ఒకటి రెండు పోయినా బాధే తప్ప బతుకు ఆగదు. వంద, రెండు వందల పెట్టెలతో దీన్నే జీవనాధారం చేసుకున్నవారి సంగతి వేరు. ఒక పెట్టెలో చేరిన నల్లి, అంటే తేనెటీగలను పట్టి తినే చిన్న పురుగు, చూస్తుండగానే వరసంతా పాకుతుంది. ఒక తోటలో తప్పు వేళకు కొట్టిన మందు ఒక్క పూటలో అన్ని పెట్టెల ముందూ చచ్చిన ఈగలను కుప్ప పోస్తుంది. అందుకే ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవారు ముందు అడిగేది, "నల్లికి ఏ మందు వెయ్యాలి?" అని.

దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు. పెట్టెలో ఉన్నది ఏ జాతి ఈగ, ఇప్పుడు ఏ నెల, పెట్టెలున్నది తిరుపతి మైదానంలోనా పలమనేరు, కుప్పం వైపు మిట్ట మీదా, చుట్టూ రెండు మూడు కిలోమీటర్లలో ఏ పంట పూతలో ఉంది, ఇవన్నీ తెలియకుండా మందు పేరు చెప్పి ప్రయోజనం లేదు. ఏళ్ల తరబడి నిలదొక్కుకున్న పెంపకందారులను గమనిస్తే, వాళ్లు మందు కంటే క్యాలెండర్‌ను ఎక్కువగా నమ్ముకున్నట్టు తెలుస్తుంది. రాణి ఎప్పుడు గుడ్లు పెట్టాలి, ఎప్పుడు ఆపాలి, పెట్టెలు ఎప్పుడు లారీ ఎక్కాలి, ఏ తోట దగ్గర ఎప్పుడు ఉండకూడదు అనేది ముందే తేల్చుకుంటారు. మందు ఆ లెక్కలో ఒక భాగం మాత్రమే.

ఏ ఈగకు ఏ కష్టం

మన ప్రాంతంలో తేనెటీగలు ముఖ్యంగా నాలుగు జాతులు. శేషాచలం కొండ చరియలకు, పెద్ద చెట్లకు, ఊళ్లో నీళ్ల ట్యాంకుల కింద వేలాడే పెద్ద పట్టు కొండ తేనెటీగది. పొదల్లో చిన్న కొమ్మకు అరచేయంత పట్టు కట్టేది చిన్న తేనెటీగ. ఈ రెండూ ఆరుబయట ఒకే పట్టు కడతాయి, పెట్టెలో ఇమడవు. చెట్టు తొర్రల్లో, పుట్టల్లో, గోడ సందుల్లో పక్కపక్కనే కొన్ని పట్లు కట్టుకునేది మన నాటు ఈగ, శాస్త్రవేత్తలు సెరానా ఇండికా అంటారు. నాలుగోది ఇటాలియన్ ఈగ అని అందరూ పిలిచే మెల్లిఫెరా. చీకట్లో వరసగా పట్లు కట్టే అలవాటు ఉంది కాబట్టి ఈ చివరి రెండే పెట్టెలో పెరుగుతాయి.

నాటు ఈగ పెట్టెకు ఏడాదికి ఐదు నుంచి పది కిలోల తేనె వస్తే బాగా వచ్చినట్టే. ఇటాలియన్ ఈగను పూత వెంబడి తిప్పితే పాతిక నుంచి నలభై కిలోల దాకా వస్తుంది. వ్యాపారంగా చేసేవారు రెండోదాని వైపు మొగ్గడానికి ఇదొక కారణం. ఇంకో కారణం ఒక పెద్ద విషాదం. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది రాష్ట్రాల్లో నాటు ఈగలను తుడిచిపెట్టింది. కేరళ, తమిళనాడు, కర్ణాటకల్లో పెట్టెల్లో పెంచుతున్న ఈగ కుటుంబాల్లో (ఒక రాణితో కలిసి బతికే గుంపే ఒక కుటుంబం) నూటికి తొంభై పైగా పోయాయి. 1962లో నగ్రోటా బగ్వాన్‌లో, అంటే ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లో, నిలదొక్కుకుని ఉత్తరాదిలో విస్తరించిన ఇటాలియన్ ఈగ దక్షిణాది పెట్టెల్లోకి జోరుగా వచ్చింది ఆ దెబ్బ తర్వాతే.

అయితే ఒక రోగం నుంచి తప్పించుకోవడానికి తెచ్చుకున్న ఈగ ఇంకో రెండు పురుగులకు చిక్కింది. వరోవా అనే నల్లి అసలు మన నాటు ఈగ మీద బతికేది. ట్రోపిలెలాప్స్ అనే ఇంకా చిన్న నల్లి కొండ తేనెటీగ మీద బతికేది. వేల ఏళ్ల సహవాసంలో ఆ ఈగలు ఈ నల్లులను అదుపులో పెట్టడం నేర్చుకున్నాయి. నాటు ఈగలు ఒకదాని ఒంటి మీది నల్లిని ఇంకొకటి పట్టి పీకేస్తాయి, నల్లి పట్టిన పిల్లను పట్టులోని గది విప్పి బయట పారేస్తాయి. పైగా వాటి కూలీ ఈగల గదుల్లో వరోవా దాదాపుగా సంతానం పెంచుకోలేదు, పోతుటీగల (మగ ఈగల) గదుల్లోనే దాని ఆట సాగుతుంది. పోతుటీగలు ఉండేది ఏడాదిలో కొన్నాళ్లే కాబట్టి నల్లి కూడా హద్దులో ఉంటుంది. ఇటాలియన్ ఈగకు ఈ విద్యలు అంతగా లేవు. దాని కూలీ ఈగల గదుల్లోనూ వరోవా హాయిగా పెరుగుతుంది.

దీన్ని బట్టి మన సీమ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఈ రెండు నల్లుల అసలు ఇళ్లు మన అడవిలో, మన తొర్రల్లోనే ఉన్నాయి. వాటిని ఊరి నుంచి పూర్తిగా వెళ్లగొట్టడం జరిగే పని కాదు. చుట్టూ సముద్రం ఉండి, వరోవా లేని దేశంగా పేరున్న ఆస్ట్రేలియాలో 2022 జూన్‌లో అది న్యూకాజిల్ ఓడరేవు దగ్గర కనిపించింది. వేల పెట్టెలను నాశనం చేసి మరీ ప్రయత్నించినా 2023 సెప్టెంబరులో నిర్మూలన ఆలోచన మానుకుని, దానితో కలిసి బతికే దారికి వచ్చారు. అలాగని నల్లికి మూలమని కొండ ఈగ పట్లను కాల్చడం, అపార్ట్‌మెంట్ల దగ్గర మందు కొట్టి చంపించడం ఘోరం. శేషాచలం చెట్లు కాయ కాసి విత్తు పట్టడంలో ఆ ఈగలకు పెద్ద పాత్ర ఉంది. ఆ తేనె తీసి బతికే యానాదుల కుటుంబాలూ ఉన్నాయి.

మూత పడిన గదిలో ఏం జరుగుతుంది

వరోవా కంటికి కనిపిస్తుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు, పొడవు అంతకంటే తక్కువ, పీతలా అడ్డంగా ఉండే ఎర్రటి గోధుమరంగు పురుగు. పెద్ద ఈగ పొట్ట కింది పొరల మధ్య దూరి కూర్చుంటుంది కాబట్టి పైపైన చూస్తే దొరకదు. పిల్ల పురుగు ఉన్న గదికి మైనపు మూత పడబోయే కొద్ది గంటల ముందు తల్లి నల్లి లోపలికి జారుకుంటుంది. మూత పడ్డాక రెండున్నర మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది. అది మగది. ఆ తర్వాత సుమారు ముప్పై గంటలకొకటి చొప్పున ఆడ గుడ్లు. కూలీ ఈగ గది పన్నెండు రోజులు మూసి ఉంటుంది, పోతుటీగది ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ. ఆ చీకటి గదిలోనే అన్నాచెల్లెళ్లు జతకట్టి, ఈగ బయటికొచ్చేసరికి కొత్త తల్లులు తయారవుతాయి. పోతుటీగ గదిలో సమయం ఎక్కువ కాబట్టి పిల్ల నల్లులూ ఎక్కువ. ఇవి ఈగ ఒంట్లోని కొవ్వు కణజాలాన్ని తింటాయని 2019లో తేలింది. అంతకంటే పెద్ద నష్టం, ఇవి వైరస్‌లను ఎక్కించడం. రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టె ముందు నేల మీద పాకుతుంటే నల్లి బాగా ముదిరిపోయిందని అర్థం.

పెట్టెలో పిల్లలున్నప్పుడు నల్లుల్లో ఎక్కువ భాగం మూత కింద ఉంటాయి. చాలా మందులు ఆ మూత దాటి లోపలికి పోవు. ఈరోజు వేసిన మందు పైన తిరిగే నల్లులను చంపుతుంది, రేపు గదులు విప్పుకుని కొత్తవి వస్తాయి. "మందు వేశాం, పనిచేయలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. చలిదేశాల్లో శీతాకాలం నెలల తరబడి రాణి గుడ్లు పెట్టదు, నల్లికీ విరామం తప్పదు. మన దగ్గర ఆహారం ఉంటే రాణి ఏడాది పొడుగునా పెడుతూనే ఉంటుంది, నల్లికీ ఏడాదంతా పండగే.

అందుకే అనుభవం ఉన్నవారు ముందు లెక్క చూస్తారు, తర్వాతే చికిత్స. దానికి ఖర్చు లేని పద్ధతి పంచదార పరీక్ష. మూత స్థానంలో జాలీ బిగించిన వెడల్పాటి సీసా తీసుకోవాలి. పిల్లలున్న ఫ్రేము (పట్టు కట్టిన చట్రం) మీద రాణి లేదని రెండుసార్లు చూసుకుని, అర కప్పు ఈగలను సీసాలోకి దులపాలి. అవి సుమారు మూడు వందలుంటాయి. ఇంట్లో మెత్తగా కొట్టిన పొడి పంచదార రెండు చెంచాలు జాలీ మీద నుంచి వేసి, సీసాను మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు నీడలో ఉంచాలి. పొడి అంటుకుని నల్లుల పట్టు జారుతుంది. ఆ తర్వాత సీసాను తలకిందులు చేసి నీళ్లున్న తెల్లటి పళ్లెంలోకి గట్టిగా కుదిపితే పంచదార కరిగి, నల్లులు ఎర్రటి చుక్కల్లా మిగులుతాయి. ఎన్నున్నాయో లెక్కపెట్టి మూడుతో భాగిస్తే వందకు ఎన్నో వచ్చేస్తుంది. ఈగలను తిరిగి పెట్టెలో వదిలేయొచ్చు, మిగతావి వాటిని నాకి శుభ్రం చేస్తాయి. నూటికి మూడు దాటితే చికిత్స అని అమెరికాలో ఎక్కువగా పాటిస్తారు. విరామం లేని మన వాతావరణంలో రెండు దగ్గరే మేల్కోవడం మంచిదని నా అభిప్రాయం.

చికిత్స దగ్గరికొస్తే, మూత దాటి లోపలికి పోయే గుణం ఫార్మిక్ ఆమ్లం ఆవిరికి ఉంది. మన దేశంలో ఎక్కువగా వాడే తీరు, 85 శాతం ఆమ్లం 5 మిల్లీలీటర్లు చిన్న సీసాలో పోసి, దూది వత్తి పెట్టి పెట్టె అడుగున ఉంచడం. చేతికి గ్లవ్స్, ముఖానికి మాస్కు లేకుండా దాని జోలికి పోకూడదు, చర్మం కాలుతుంది. దీనితో చిక్కు ఒకటుంది. ఎండ ముప్పై డిగ్రీలు దాటితే ఆవిరి ఒక్కసారిగా లేచి పిల్లలను, కొన్నిసార్లు రాణినే చంపుతుంది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు మార్చి నుంచి జూన్ దాకా ఈ మందుకు చోటే లేదు. మదనపల్లె, పలమనేరు, కుప్పం మిట్ట ప్రాంతంలో చల్లటి నెలల్లో పనికొస్తుంది. అంటే నల్లికి మందు వేసే నెల ఏదో పెట్టెలున్న ఊరి ఎత్తును బట్టి మారిపోతుంది!

నల్లిని చంపే ఫ్లువాలినేట్ అనే మందు పట్టించిన పట్టీలు పెట్టెలో వేలాడదీయడం తేలికైన దారి. కానీ ఒకే మందు ఏళ్ల తరబడి వాడితే నల్లికి అలవాటైపోతుంది, ఐరోపాలో, అమెరికాలో అదే జరిగింది. మైనంలో, తేనెలో అవశేషం మిగిలే సమస్య ఇంకొకటి. 2010లో ఐరోపా యూనియన్ మన తేనె దిగుమతులను ఆపేసినప్పుడు మందుల అవశేషాలు, వాటిపై సరైన నిఘా లేకపోవడం పెద్ద చర్చ అయ్యాయి. ఎగుమతి సంగతి వదిలేసినా, గుడిలో అభిషేకానికీ పసిపిల్లల తల్లి వాడే నాటు వైద్యానికీ పోయే తేనె ఇది. తేనె నిండే కాలంలో పెట్టెలో ఏ మందూ ఉండకూడదు.

అసలైన పట్టు రాణిని ఆపడంలో ఉంది. రాణిని చిన్న పంజరంలో పెట్టి మూడు వారాలు పైచిలుకు ఉంచితే గుడ్లు ఆగిపోతాయి, ఉన్న పిల్లలన్నీ ఈగలై బయటికొస్తాయి. నల్లి దాక్కోవడానికి ఒక్క గదీ ఉండదు. అప్పుడు వేసే ఆక్సాలిక్ ఆమ్లం లాంటి మెత్తటి చికిత్స కూడా బాగా తగులుతుంది. ట్రోపిలెలాప్స్ విషయంలో ఇది ఇంకా బలమైన అస్త్రం. ఆ నల్లి పెద్ద ఈగను కుట్టి తినలేదు, పిల్లలు లేకపోతే రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. దాని మీద ఫ్రేముకు 200 మిల్లీగ్రాముల చొప్పున గంధకం పొడి చల్లడం ఇక్కడ పాత అలవాటే. ఆదాయం లేని వానల కాలంలో ఎలాగూ రాణి మందగిస్తుంది. ఆ విరామాన్నే పొడిగించి పంజరం పెడితే తేనెలో నష్టం పెద్దగా ఉండదు. పోతుటీగల గదులున్న పట్టును మూత పడగానే కోసి తీసేయడం కూడా మంచి పద్ధతి, నల్లులు కోరి చేరేది అక్కడే కదా.

నాటు ఈగ పెంచేవారికి ఈ తంటాలు తక్కువ, కానీ శాక్‌బ్రూడ్‌కు మందే లేదు. పిల్ల పురుగు ప్యూపాగా మారకముందే చచ్చి, నీళ్లు నిండిన సంచిగా మారుతుంది, ఎండాక రెండు కొనలూ పైకి లేచి గట్టిపడుతుంది. పట్టకారుతో పట్టి లాగితే చెక్కుచెదరకుండా మొత్తం ఊడి వస్తుంది, గుర్తు అదే. కనబడగానే ఆ పెట్టె ఫ్రేములు, తేనె, పనిముట్లు ఇంకో పెట్టెకు తగలకుండా చూడాలి, రాణిని మార్చి పిల్లల వరసకు విరామం ఇవ్వాలి. దీర్ఘకాలంలో ఉపయోగపడేది మాత్రం రోగం వచ్చిన చోట తట్టుకుని నిలిచిన కుటుంబాల నుంచే కొత్త రాణులను తీయడం. 1992 తర్వాత నాటు ఈగ మళ్లీ కోలుకుందంటే, అలా మిగిలిన కుటుంబాల వల్లే. ఎక్కడినుంచో లారీలో తెచ్చిన నాటు ఈగల కంటే మన తొర్రల్లోంచి వచ్చిన గుంపు విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను.

మిగతా శత్రువులు, ఆకలి

మైనపు పురుగు బలహీనతను వెతుక్కుంటూ వస్తుంది. ఈగలు కప్పలేనన్ని ఫ్రేములు పెట్టెలో ఉంటే, నల్లబడ్డ పాత పట్లు మార్చకపోతే, వానల్లో అది గూళ్లు అల్లి పట్టంతా తినేస్తుంది. ఖాళీ ఫ్రేములు తీసేయడం, అడుగు పలకను ఎండబెట్టడం, దాచిన పట్లకు గంధకం పొగ పెట్టడం సరిపోతుంది. గుడ్లు పొగకు చావవు కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ పెట్టాలి. చీమలకు స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు. కందిరీగలకు ద్వారం చిన్నది చేసి, చుట్టుపక్కల వాటి గూడు వెతికి రాత్రిపూట తీయించడం. అడవి అంచున పెట్టెలు పెడితే ఎలుగుబంటి వస్తుంది, దానికి మాత్రం చోటు మార్చడమే మందు.

వీటన్నిటి వెనకా ఉన్నది ఆకలి. కడుపు నిండిన కుటుంబం నల్లిని కొంత భరిస్తుంది, మైనపు పురుగును తరుముతుంది. పస్తున్నది దేనికైనా పడిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో వేప, కానుగ, ఆ తర్వాత చింత పూత మన సీమకు పెద్ద దిక్కు. గూడూరు వైపు నిమ్మ, రాయలసీమ పొద్దుతిరుగుడు చేలు, దోస, గుమ్మడి పాదులు మధ్యలో ఆదుకుంటాయి. ముదురు ఎండల్లో, అక్టోబరు, నవంబరు ముసురు వానల్లో పూత ఉన్నా ఈగ బయటికి పోలేదు. అప్పుడు సాయంత్రం పూట పంచదార పాకం ఇవ్వాలి. పగలు ఇస్తే పక్క పెట్టెల ఈగలు దోచుకోవడానికి ఎగబడతాయి, నల్లి కూడా ఆ దోపిడీతోనే ఇల్లు మారుతుంది. పుప్పొడి కరువైతే నూనె తీసిన సోయా పిండితో ముద్ద చేసి పెడతారు.

పూత వెంబడి పెట్టెలు తిప్పడం ఆకలికి జవాబు. కానీ ఐదారు ఊళ్ల పెట్టెలు ఒకే పొద్దుతిరుగుడు చేల దగ్గర చేరితే రోగాలూ అక్కడే పంచుకుంటాయి. లారీ ఎక్కించే ముందు, దింపిన కొన్నాళ్లకు పంచదార పరీక్ష చేయడం అందరూ అలవాటు చేసుకోవాలి. జాతీయ తేనెటీగల పెంపకం మిషన్‌కు కేంద్రం 500 కోట్లు కేటాయించింది, ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ హనీ మిషన్ కింద పెట్టెలు ఇస్తోంది. ఇచ్చే ప్రతి పెట్టెతో పాటు ఒక జాలీ మూత సీసా, ఒక భూతద్దం, వాటిని వాడే శిక్షణ కూడా ఇవ్వాలని గట్టిగా అడగాలి. ఈగలు చచ్చిపోయాక మిగిలే ఖాళీ పెట్టెలతో ఎవరికీ లాభం లేదు.

మామిడి పూత నాటి టెన్షన్

ఇంతవరకు చెప్పినవన్నీ పెంపకందారు చేతిలో ఉన్న పనులు. చేతిలో లేనిది తోటల్లో కొట్టే మందు. చిత్తూరు సీమ తోతాపురి తోటలకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత. ఆ పూత మీదకే తేనెమంచు పురుగు, తామర పురుగు, బూడిద తెగులు వస్తాయి. రైతుకు ఏడాది ఆదాయం ఆ పూతలోనే ఉంది, భయంతో మందు మీద మందు కొడతాడు. అతన్ని తప్పుపట్టడం సులువు, కానీ పూత రాలిపోతే అప్పు తీర్చేది ఎవరు?

ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి మందులు చెట్టు రసంలో కలిసి మకరందానికీ పుప్పొడికీ చేరతాయి. ఆరుబయట పంటల మీద వీటి వాడకాన్ని ఐరోపా యూనియన్ 2018లో ఆపేసింది. రసం పీల్చే పురుగులు విసర్జించే తీపి బంకలో కూడా ఈ మందు ఉంటుందని 2019లో నారింజ జాతి చెట్ల మీద జరిగిన పరిశోధనలో తేలింది. మామిడిలో తేనెమంచు పురుగు విసర్జించేదీ అలాంటి బంకే, పూలు లేని వేళ ఈగలు అలాంటి బంకను కూడా నాకుతాయి. మన దేశంలో ఈగలకు ఘోరమైన మోనోక్రోటోఫాస్ 36 శాతం మందుపై 2023లో నిషేధం వచ్చింది, మిగతావి చాలా వాడకంలోనే ఉన్నాయి.

మందు దెబ్బను గుర్తుపట్టడం కష్టం కాదు. పెట్టె ముందు ఈగలు కుప్పగా పడి ఉంటాయి, చాలావాటి నాలుక బయటికి చాచి ఉంటుంది, బతికినవి వణుకుతూ గుండ్రంగా తిరుగుతుంటాయి. కొన్నిసార్లు శవాలు కూడా కనిపించవు. మేతకు పోయిన ఈగలు దారి తప్పి తిరిగి రావు, పెట్టెలో రాణి, పిల్లలు, కొద్దిమంది దాదులు మిగులుతారు. అలా చిక్కిపోయిన కుటుంబంలో నల్లి శాతం ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే నల్లినీ మందునూ వేర్వేరు సమస్యలుగా చూడలేం.

మామిడి పూల మీద తేనెటీగలతో పాటు రకరకాల జోరీగలు, మామూలు ఈగలు వాలి పరాగం మోస్తాయి. పూత విచ్చుకున్న వేళ మందు కొడితే కాయ పట్టించే పురుగులన్నీ పోతాయి, నష్టం రైతుకూ ఉంది. మొగ్గ దశలోనే ఒకసారి మందు కొట్టి, పూలు విప్పారాక పిందె పట్టే దాకా ఆగడం, తప్పనిసరైతే పొద్దు గుంకాక కొట్టడం ఇద్దరికీ మేలు. హిమాచల్‌లో ఆపిల్ రైతులు పూత వేళ పెట్టెలకు అద్దె ఇచ్చి మరీ పెట్టించుకుంటారు. అద్దె ఇచ్చిన రైతు ఆ వారం మందు డబ్బా జోలికి పోడు.

మన దగ్గర ఆ అలవాటు రావాలంటే నోటి మాట చాలదు, చిన్న కాగితం ఉండాలి. పూత పది పదిహేను శాతం విచ్చుకున్నాక పెట్టెలు దింపుతామని, పిందె కనబడగానే ఎత్తేస్తామని పెంపకందారు రాయాలి. ఏ మందు, ఏ రోజు కొట్టేదీ ముందు రోజు మధ్యాహ్నంలోపు ఫోన్ చేసి చెబుతామని రైతు రాయాలి. పక్క తోటల వారి నంబర్లు కూడా అందులో ఉండాలి, ఎందుకంటే ఈగకు గట్టు తెలియదు. కబురు అందితే చీకటి పడ్డాక ద్వారాలకు జాలీ బిగించి, పైన ఖాళీ సూపర్ (తేనె నింపుకునే పై అర) పెట్టి, తడి గోనెసంచి కప్పి, లోపల నీళ్లు ఉంచితే డిసెంబరు చలిలో ఒక పగలు దాటించవచ్చు. ఫిబ్రవరి ఆఖరుకు ఎండ ముదిరితే మూయడం ప్రమాదం, లోపలే ఉడికిపోతాయి. అప్పుడు ఆ రాత్రికి రాత్రే మూడు కిలోమీటర్లు దాటించి దింపాలి, అంతకంటే దగ్గరైతే ఈగలు పాత చోటికే తిరిగి వెళ్తాయి. ఆ రెండో చోటు ఎక్కడో, లారీ ఎవరిదో, కిరాయి ఎవరిదో కూడా ఆ కాగితంలోనే రాసుకోవాలి.